అత్త అంగిలి గురించి ఒక వాక్యం

ఒక వాక్యం మీద నాకింకా కోపం చల్లారలేదు. మా మేనత్త బయాప్సీ రిపోర్టు అడుగున, ఎవరూ అడక్కుండానే, మా ప్రొఫెసరుగారు ఇంగ్లీషులో రాసిన వాక్యం అది. తెలుగులో చెప్పుకుంటే, ‘ఈ గుర్తు బాగా ఎక్కువగా ఉన్నందున రోగి భవిష్యత్తు ఆశాజనకంగా లేదు’ అని. రాసి, సంతకం పెట్టి, ఇంటికెళ్ళి భోంచేసి ఉంటారు. ఆ తరవాత మా కుటుంబంలో జరిగిందంతా ఆ వాక్యం పట్టుకునే జరిగింది.

అప్పట్లో, అంటే కొల్లేరులో చేపల చెరువుల గట్లని ప్రభుత్వం పొక్లెయిన్లతో కొట్టించిన రోజులకి కాస్త అటూ ఇటూగా, నేను ఏలూరులో ఒక కాలేజీలో పెథాలజీ ట్యూటరుని. కాపురం తాడేపల్లిగూడెంలో. పొద్దున్నే ప్యాసింజరెక్కి, భీమడోలు దాటేదాకా కునుకు తీసి, ఏలూరులో దిగేసరికి ఇస్త్రీచీర కాస్తా నలిగి ఊరుకునేది. పగలంతా మైక్రోస్కోపు ముందు. మా ప్రొఫెసరుగారికి నోటి క్యాన్సర్ల మీద పెద్ద స్టడీ ఒకటి నడుస్తుండేది. ఆ బయాప్సీ ముక్కలకి దగ్గరుండి రంగులు వేయించే పని నాది.

ఆ స్టడీ సంగతి నాలుగు మాటల్లో చెప్తాను, లేకపోతే నా కోపం అర్థం కాదు. మన ఒంట్లో కణాల మీద కాలింగ్ బెల్లుల్లాంటివి కొన్ని ఉంటాయి. బయటినుంచి ఒక సంకేతం వచ్చి బెల్లు నొక్కితే, పెరగమన్నారు కాబోలు అనుకుని కణం రెండుగా చీలుతుంది. అలాంటి వాటిలో ఒకదాని పేరు ఈజీఎఫ్ఆర్. ఆ రిపోర్టులో గుర్తు, అదే మార్కరు, అన్నది దీన్నే. మామూలు కణానికి ఇవి కొద్దిగానే ఉంటాయి. కొన్ని క్యాన్సరు కణాలకి ఒంటినిండా ఇవే. ముక్క మీద మేం వేసే మందు వీటికి అంటుకుని గోధుమరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే రోగం అంత దూకుడని, అలాంటివాళ్ళు సగటున తక్కువకాలం బతుకుతారని అప్పటికే చాలామంది రాశారు. సగటున. ఈ ఒక్క మాట తరవాత ఎంతమందికి అరిచి చెప్పానో, ఎంతమంది వినలేదో.

మా మేనత్తది ముదినేపల్లి వైపు, కొల్లేరుకి దగ్గర పల్లె. మామయ్య పోయాక కొడుకు దగ్గరే ఉండేది. ఆదివారం గుడిలో తెల్లచీర కట్టుకుని ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకుందంటే, హార్మోనియం ఆవిడ వెనక పరిగెత్తాల్సిందే. అంత గొంతున్న మనిషికి రహస్యంగా ఒక అలవాటు, అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పీల్చడం. నాట్లకి వెళ్ళిన కాలంలో పక్క మడిలో ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుందట. గాలికి ఆరదు, చినుక్కి తడవదు, పైగా నిప్పు ఎవరికీ కనపడదు. “దేవుడు చూడడా అత్తా?” అని నేను ఏడిపిస్తే, “ఆయన చూస్తే పర్లేదే. అయ్యగారు చూడకూడదు” అనేది. అయ్యగారంటే వాళ్ళ పాస్టరుగారు.

ఆ వేసవిలో మా ఇంటికొచ్చినప్పుడు మామిడికాయ పప్పు రెండు ముద్దలు తిని కంచం నెట్టేసింది. మామిడికాయ పప్పుని మా అత్త నెట్టెయ్యడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“అంగిలి మండిపోతందే అమ్మాయ్. ఉగాది ముందునించీ ఇంతే” అంది.

టార్చి తెచ్చి నోరు తెరవమన్నాను. అంగిలంతా పొగ తగిలి తెల్లగా గట్టిపడి ఉంది. ఆ అలవాటున్న చాలామందిలో అది చూసిందే. ఆ తెలుపు మధ్య, కుడిపక్కన, అంచులు లేచిన ఎర్రటి పుండు. మర్నాడే ఏలూరు లాక్కెళ్ళాను.

ముక్క తీశారు. క్యాన్సరే. అయితే పుండు చిన్నది, ఎముకలోకి దిగలేదు, మెడలో గడ్డల్లేవు. సర్జనుగారు నెమ్మదస్తుడు. అత్త దగ్గరా, కబురు విని వచ్చిన కొడుకు దగ్గరా ఏమీ దాచకుండా చెప్పారు. “తొందరగా వచ్చారండీ, మంచి పని చేశారు. బెజవాడ వెళ్ళి ఈ నెలలోనే తీయించేసుకోండి. అంగిల్లో కొంత పోతుంది. దానికి ప్లేటు పెడతారు. తినొచ్చు, మాట్లాడుకోవచ్చు.”

“పాడుకోవచ్చాండీ?” అని అడిగింది అత్త.

“కొంచెం ముక్కుతో వస్తుందండీ.”

“వస్తే చాల్లెండి” అని నా వైపు తిరిగి, “పళ్ళసెట్టు పెట్టుకున్నదాన్ని, అంగిలిసెట్టు పెట్టుకోలేనేంటే? కోసెయ్యమను” అంది. అంత సిద్ధంగా ఉంది మనిషి.

బయాప్సీలో మిగిలిన ముక్కని మా ప్రొఫెసరుగారు స్టడీలో చేర్చుకున్నారు. నేనే రంగు వేయించి నేనే స్లైడు పెట్టుకుని చూశాను. గోధుమరంగు చిక్కగా, ఎక్కడా సందివ్వకుండా. గతుక్కుమన్నాను. కానీ నాకు దాని అర్థం ఒకటే. త్వరగా కోయాలి, కోశాక కరెంటు, అంటే రేడియేషను, కూడా పెట్టించాలి, ఆ తరవాత కళ్ళలో వత్తులు వేసుకుని చూసుకోవాలి. ఆయనకి మాత్రం అది స్టడీకి దొరికిన మంచి కేసు. ఆ ఉత్సాహంలో ఆ వాక్యాన్ని ఇంటివాళ్ళకిచ్చే రిపోర్టులో కూడా టైపు చేయించారు. నేను పరీక్షల డ్యూటీకి వేరే ఊరు వెళ్ళిన వారంలో అత్త కొడుకు, మా బావ, వచ్చి దాన్ని పట్టుకెళ్ళాడు. తిరిగొచ్చి ఆఫీసు కాపీ చూసి, అలాగే ఆయన గదిలోకి వెళ్ళాను.

“ఇది మన స్టడీకి కదండీ సార్? ఇంటివాళ్ళ కాగితం మీద ఎందుకండీ?”

“వాళ్ళకీ తెలియాలి కదమ్మా. సైన్సుని దాచిపెట్టకూడదు.”

“సైన్సు ఈవిడ గురించి ఏమీ చెప్పలేదు కదండీ. ఇలాంటివాళ్ళ గుంపు గురించి చెప్పింది.”

“ఆవిడా ఆ గుంపులో మనిషే కదమ్మా” అంటూ కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ గుంపులో తొందరగా పోయినవాళ్ళున్నారు, నిక్షేపంగా మనవల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళూ ఉన్నారు. అత్త అందులో ఎవరో ఆ గోధుమరంగుకేం తెలుసు? పోనీ తెలిసినా, ఏం చెయ్యాలో రాయకుండా ఏమైపోతుందో రాసి చేతిలో పెట్టడం ఏం మర్యాద? ‘వెంటనే ఆపరేషన్ చేయించండి’ అని ఇంకొక్క వాక్యం టైపు చేయిస్తే రిబ్బను అరిగిపోయేదా? ఇవన్నీ ఆయన మొహానే అడిగాను. ట్రీట్‌మెంటు సంగతి సర్జన్లు చూసుకుంటారమ్మా, మన పని కాదు అన్నారు.

ఇక మా బావ. అతను చెడ్డవాడైతే ఇది చెప్పడం నాకు తేలికయ్యేది. తల్లికి జ్వరమొస్తే పక్కనే చాప వేసుకుని పడుకునే కొడుకు. ఖర్చుకి వెనకాడే మనిషీ కాదు. అతనికి రొయ్యల చెరువులు. రొయ్యపిల్లల్ని అక్కడ సీడు అంటారు. ఆక్సిజను పట్టిన ప్లాస్టిక్ సంచుల్లో వస్తుంది. చెరువులో వదిలేముందు కొన్ని పిల్లల్ని ల్యాబుకి పంపిస్తారు. వాళ్ళు పరీక్ష చేసి వైరస్ ఆనవాలు ఉందో లేదో చెప్తారు. ఉందంటే మొత్తం సీడు గట్టు మీద పారబోసి బ్లీచింగు చల్లడమే, ఎంత చురుగ్గా కదులుతున్నా సరే. పోనీలే చూద్దాం అని వదిలిన రైతు తన చెరువూ పోగొట్టుకుంటాడు, పక్కవాడి చెరువూ ముంచుతాడు. ఆ చుట్టుపక్కల మా బావకి గొప్ప పేరు. రిపోర్టు చూశాక రెండో మాట మాట్లాడడని, అందుకే నిలబడ్డాడని.

తల్లి రిపోర్టుని ఎక్కడికి పట్టుకెళ్ళాడనుకున్నారు? సర్జనుగారి దగ్గరికి కాదు. నా దగ్గరికీ కాదు. సీడు పరీక్ష చేసే ల్యాబుకి. అతనికి గురి ఉన్న ల్యాబు అదే మరి. అక్కడి టెక్నీషియను ఇంగ్లీషు చదివి, “మార్కరు బాగా స్ట్రాంగుగా ఉందని, ముందుముందు బాగుండదని రాశారండీ” అని చెప్పాడు. అంతకుమించి ఒక్కమాట అనలేదని తరవాత నేనే వెళ్ళి కనుక్కున్నాను. మిగతాదంతా మా బావ బుర్రలోనే జరిగింది.

ఆపరేషనుకి చెప్పిన వారం వచ్చింది, వెళ్ళింది. ఫోను చేస్తే, “రొయ్య పట్టుబడి ఉందమ్మాయ్, అవగానే వెళ్తాం” అన్నాడు. ఇంకోసారి బెజవాడలో మంచాలు ఖాళీ లేవన్నాడు. మరోసారి వానలన్నాడు. వానాకాలం సగమయ్యాక నేనే బెజవాడ ఆసుపత్రికి ఫోను చేశాను. ఆ పేరుతో ఎవరూ రాలేదన్నారు. అప్పటికప్పుడు సెలవు చీటీ పడేసి బస్సెక్కాను.

బావ చెరువు గట్టు మీద మేత బస్తాలు దింపిస్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. అప్పుడే తెలిసిపోయింది నాకు.

“అత్తని ఎందుకు తీసుకెళ్ళలేదు బావా?” అన్నాను.

“కోస్తే మాత్రం ఏం లాభమమ్మాయ్? రిపోర్టు చూశాను కదా. నోరు కోయించి, ముక్కులో గొట్టం పెట్టించి, ఆఖరికి పోయేదానికి. మా అమ్మని ఆ బాధ పెట్టలేను.”

“పోతుందని ఎవరు చెప్పారు మీకు?”

“మీ సారే రాశారు. నీకంటే పెద్దాయన కదా.”

“అది గుంపు సగటు బావా. అత్త సంగతి కాదు. రోగం దూకుడుగా ఉందంటే ఇంకా తొందరగా కోయించమని అర్థం, మానెయ్యమని కాదు. సర్జనుగారు మీ ఎదురుగానే చెప్పారు కదండీ!”

“అది రిపోర్టు రాకముందు.” బస్తా మీద చెయ్యి వేసి నెమ్మదిగా అన్నాడు. “చూడమ్మాయ్, నేను ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ల్యాబు చెప్పాక మనసు చంపుకోలేక వదిలినవాళ్ళు ఏమయ్యారో చూశాను.”

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక, అప్పటిదాకా మీరు అన్న నోటితో నువ్వు అన్నాను. “సీడు అనుకున్నావా? అత్తయ్యని సీడు అనుకున్నావా నువ్వు?” మేత దింపేవాళ్ళు ఆగి చూశారు. బావ కళ్ళు తుడుచుకున్నాడు. అతను ఏడవడం చూస్తే నా కోపం తగ్గాలి. తగ్గలేదు. తల్లి మీద ప్రేమతో తల్లిని చంపుకునేవాణ్ణి ఏమని తిట్టాలో తెలియక ఇంకా పెరిగింది.

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను, ఆయన చెప్తే బావ వింటాడని. ఆయన ఎంతో మృదువుగా, “డాక్టర్లే చేతులెత్తేశారంట కదమ్మా. ఇక ప్రభువు చిత్తం. ప్రార్థన చేద్దాం” అన్నారు. ఏ డాక్టరూ చేతులెత్తలేదండీ, ఒకాయన ఎవరూ అడక్కుండా ఒక వాక్యం రాశాడంతే అన్నాను. ఆయనకి అది ఎక్కలేదు. రిపోర్టు మాట ఊరంతా అప్పటికే పాకిపోయింది. అందరూ అత్తని చూసి నాలిక చప్పరించడమే, ఆవిడకి విషయం చెప్పినవాడు ఒక్కడూ లేడు.

అత్తకి చెప్పిందేమిటంటే, మందులకే తగ్గిపోతుందట, ఆపరేషను అక్కర్లేదని పెద్ద డాక్టరు అన్నాడట. విటమిను బిళ్ళలు మింగుతూ కూర్చుంది. చెప్పొద్దని బావ గట్టు మీదే నాతో ఒట్టు వేయించుకోబోయాడు. నేను వెయ్యలేదు. ఇంటికి వచ్చి, మంచం మీద ఆవిడ పక్కన కూర్చుని, మొదటినుంచీ చివరిదాకా చెప్పాను. వింటూ చీరకొంగు వేళ్ళకి చుట్టుకుంటూ ఉండిపోయింది. చెప్పడం అయ్యాక మెడ పక్కన నా చెయ్యి పెట్టుకుని, “మరి ఇదేంటే?” అంది. చర్మం కింద రాయిలా గట్టిగా తగిలింది. వేసవిలో అది లేదు.

బావ మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. వడ్డించబోతున్న కోడల్ని ఆగమని అత్త వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

“ఒరే, నన్ను కూడా గట్టు మీద పారబోశావంట్రా?”

బావ కంచం పక్కకి జరిపాడు.

“నన్నొక్క మాట అడగలేకపోయావా? రొయ్యపిల్లకి నోరు లేదు. నాకుంది కదరా. పుండున్నా నోరు నోరే కదా!”

ఆ సాయంత్రమే బెజవాడ బయల్దేరాం.

వేసవిలో అయితే అంగిలి వరకే అయ్యేది. ఇప్పుడు పైదవడ ఎముకలో చాలా భాగం, మెడలో గడ్డలు, ఆ పైన కరెంటు. అక్కడి సర్జను నన్ను పక్కకి పిలిచి, “ఇన్నాళ్ళు ఏం చేశారండీ? మీరు ఈ ఫీల్డులోనే ఉన్నారు కదా” అన్నారు. బావ పక్కనే నిలబడి వింటున్నాడు. నేను చెప్పకముందే, “రిపోర్టు బాలేదండీ, అందుకని ఆగాం” అన్నాడు. సర్జను ఇద్దర్నీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయారు.

అత్త కోలుకుంది. ప్లేటు పెట్టుకుని మెత్తగా కలిపిన అన్నం తినేది. క్రిస్మస్‌కి గుడిలో పాట ఎత్తుకుంది. ముక్కుతోనే వచ్చింది. సగం మాటలు గాలి తోసుకుపోయాయి. పిల్లలు నవ్వితే, “నవ్వండర్రా, నా అంగిలి మీ డాక్టరమ్మ సీసాలో ఉంది” అంది. పై ఏడాది వేసవి దాటి మళ్ళీ వానలు పడేవేళకి మెడలో రోగం తిరగబెట్టింది. ఈసారి కోయడానికి చోటు లేదన్నారు. చివరి వారాల్లో మింగడానికి మంచినీళ్ళు కూడా దిగలేదు. అంత బాధలోనూ, “మొదటే కోసేస్తే ఎలా ఉండేదో” అని ఒకసారి అంది. మళ్ళీ అనలేదు.

అత్త పోయాక నేను డ్యూటీలో చేరిన రోజున మా ప్రొఫెసరుగారు పరామర్శించి, టీ తెప్పించి, టీ అయ్యాక కంప్యూటరు తెరిచారు. “మీ అత్తగారి తేదీ చెప్పమ్మా, ఫాలో-అప్‌లో వేస్తాను. చూశావా, మన మార్కరు ఎంత కరెక్టుగా చెప్పిందో.”

“ఆపరేషను ఎప్పుడు జరిగిందో కూడా వేస్తారాండీ? ఎందుకు ఆలస్యమైందో?”

“దానికి కాలమ్ లేదమ్మా.”

“అయితే ఆవిణ్ణి తీసెయ్యండి సార్. మీ వాక్యం చదివి ఆపారు. ఆపినందుకు ముదిరింది. ముదిరినందుకు పోయింది. ఇప్పుడు పోయినందుకు మీ వాక్యం నిజమంటున్నారు.”

“ఎమోషనల్ అవుతున్నావమ్మా” అన్నారు. అయ్యాను. బల్ల మీద టీకప్పు ఎగిరిపడేలా చరిచి మరీ అయ్యాను. ఆవిడ ఆ పట్టికలోనే ఉండిపోయింది. నేను ఆ స్టడీ నుంచి బయటికొచ్చేశాను.

ఆ వారమే పల్లెలో అత్త పేరున ఆదరణ కూడిక పెట్టారు. షామియానా కింద ఊరు ఊరంతా. పాస్టరుగారి వాక్యం అయ్యాక, ప్రార్థన అయ్యాక, వచ్చినవాళ్ళు బావని ఓదారుస్తున్నారు. పక్క ఊరి పెద్దాయన ఒకాయన, “ఇంత తొందరగా పోతారనుకోలేదండీ” అన్నాడు. బావ నిట్టూర్చి, “మాకు ముందే తెలుసండీ. ఏలూరు ల్యాబోళ్ళు మొదట్లోనే రాసిచ్చేశారు. వాళ్ళు రాసినట్టే అయ్యింది. గొప్ప ల్యాబండీ” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునంటూ తలలూపారు.

నేను కుర్చీలోంచి లేచాను. “ఎవరూ గొప్పవాళ్ళు కాదు. ఎవరికీ ఏమీ ముందే తెలియదు. కోయాల్సినప్పుడు కోయించకుండా కూర్చుని, పోయాక రిపోర్టుని పొగుడుతున్నారు. సిగ్గు లేదా?” అన్నాను. ఇంకా చాలా అన్నాను. మా ఆయన చెయ్యి పట్టుకుని లాగుతున్నా ఆగలేదు. పాస్టరుగారు ఒక పాట మొదలుపెట్టించారు, నా నోరు మూయించడానికి. ఎత్తుకునే గొంతు లేక అది అక్కడక్కడే తిరిగింది.

బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే బావ వెనకే వచ్చాడు. కొట్టడానికేనేమో అనుకున్నాను. కాదు. నాకు మాత్రమే వినపడేలా అడిగాడు.

“నిజం చెప్పమ్మాయ్. మొదట్లోనే కోయించి ఉంటే అమ్మ బతికేదా?”

అవును అంటే అతను జన్మలో కోలుకోడు. కాదు అంటే నిశ్చింతగా ఇంట్లోకి వెళ్ళి కాఫీ తాగుతాడు. రెండూ అబద్ధాలే. వాటిలో ఏదో ఒకటి అనేసి అతన్ని అందులో పడేసి పోవాలని నాకెంత ఉందో చెప్పలేను.

“తెలీదు” అన్నాను. “తెలుసుకునే దారి నువ్వే మూసేశావు. ఇంక ఎవరికీ తెలీదు.”

బావ నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు, ఇంకో మాట ఏదైనా చెప్తానేమోనని. నేను చెప్పులేసుకుని బస్సుకి వెళ్ళిపోయాను.